మా పేరు చెప్పి పైలట్ల నిద్రకు కోత పెట్టకండి

కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి
శ్రీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి,

నమస్కారం.

బెంగళూరు వైట్‌ఫీల్డ్‌ నుంచి రాస్తున్నాను. ఊరు కృష్ణా జిల్లా, ఉద్యోగం ఇక్కడ. పండక్కీ పబ్బానికీ గన్నవరం, అప్పుడప్పుడూ వైజాగ్, అమ్మను చూడటానికి ఎప్పుడు వీలైతే అప్పుడు. మాలాంటి తెలుగువాళ్లు ఈ ఊళ్లో లక్షల్లో ఉన్నారు. ఒకప్పుడు అందరం కళాసిపాళ్యం నుంచో మడివాళ నుంచో రాత్రి బస్సెక్కేవాళ్లం. ఇప్పుడు చాలామందిమి దేవనహళ్లి వెళ్లి విమానం ఎక్కుతున్నాం. 2025 అక్టోబర్ 24న కర్నూలు దగ్గర చిన్నటేకూరులో బెంగళూరు వస్తున్న ప్రైవేటు బస్సు తగలబడి 19 మంది ప్రయాణికులు చనిపోయాక మా అపార్ట్‌మెంట్‌లో ఇంకో నాలుగు కుటుంబాలు బస్సుకు దండం పెట్టేశాయి. కాబట్టి మీ శాఖ తీసుకునే నిర్ణయాలు మాకు పేపర్లో చదివి మడిచి పెట్టే వార్తలు కావు.

నేను రాస్తున్నది పైలట్ల అలసట గురించి. ఇంకా సూటిగా చెప్పాలంటే, 2025 డిసెంబర్ 5న మీరు తీసుకున్న నిర్ణయం గురించి.

ఆ వారం ఏం జరిగిందో మీకు నేను చెప్పక్కర్లేదు. విశ్రాంతి గురించి వచ్చిన కొత్త నిబంధనలకు సరిపడా పైలట్లు లేక ఇండిగో విమానాలు వరసగా రద్దయ్యాయి. డిసెంబర్ 5 ఒక్కరోజే దేశమంతా కలిపి వెయ్యికి పైగా. బెంగళూరులో కొన్ని రోజులు రోజుకు వందకు మించి. టెర్మినల్‌లో సూట్‌కేసుల గుట్టలు, నేల మీద పడుకున్న పిల్లలు, పెళ్లికి వెళ్లలేక ఏడుస్తున్నవాళ్లు, పరీక్షకు అందుకోలేనివాళ్లు. దేశంలో విమానమెక్కే ప్రతి పదిమందిలో ఆరుగురికి పైగా ఆ ఒక్క సంస్థ మీదే వెళ్తారు కాబట్టి, అది ఆగితే దేశం ఆగినట్టే అయింది. మీరు టికెట్ ధరలకు పరిమితి పెట్టారు. అది మంచి పని, ఆ మాట చెప్పి తీరాలి. 500 కిలోమీటర్ల లోపు దూరానికి రూ.7,500 మించకూడదన్నారు కాబట్టే కొంతమందైనా ఇల్లు చేరారు.

కానీ దానికి ముందురోజు, డిసెంబర్ 5న, ఇంకొకటి చేశారు. పైలట్ల విశ్రాంతికి సంబంధించిన కొత్త నిబంధనలను సడలించారు. వారానికోసారి ఇచ్చే విశ్రాంతికి బదులుగా సెలవును లెక్కేయకూడదన్న ఆదేశాన్ని, విమానయాన సంస్థలను నియంత్రించే మీ డీజీసీఏ వెనక్కి తీసుకుంది. రాత్రి డ్యూటీల పరిమితుల నుంచి ఇండిగోకు 2026 ఫిబ్రవరి 10 దాకా మినహాయింపు ఇచ్చింది. ఇదంతా ప్రయాణికుల కోసమేనని, ముఖ్యంగా వృద్ధులు, విద్యార్థులు, రోగుల కోసమేనని మీ ప్రకటనలో చెప్పారు.

నాకు అభ్యంతరం అక్కడే. మమ్మల్ని ఎవరు అడిగారు?

ఆలస్యమైతే తిట్టుకుంటాం. రద్దయితే గొడవ పడతాం. డబ్బులు వెనక్కి ఇవ్వమంటాం. కానీ రెండు రాత్రులు సరిగ్గా నిద్రలేని మనిషిని ముందు సీట్లో కూర్చోబెట్టి అయినా సరే మమ్మల్ని ఎక్కించండి అని ఏ ముసలమ్మా అడగలేదు, ఏ రోగీ అడగలేదు. ఒక కంపెనీ లెక్క తప్పితే ఆ లెక్క సరిచేయడానికి మా పేరు వాడుకున్నారు. లెక్క తప్పిందని ఆ కంపెనీయే ఒప్పుకుంది కూడా.

ఈ నిబంధనలు ఎక్కడి నుంచి వచ్చాయో, ఎంత నిదానంగా వచ్చాయో గుర్తుచేయనివ్వండి. మీరు ఈ శాఖకు రాకముందు, 2024 జనవరి 8న డీజీసీఏ వీటిని ప్రకటించింది. అదే ఏడాది జూన్ 1 నుంచి అమలు చేయాలన్నది. విమానయాన సంస్థలు కుదరదన్నాయి, మార్చిలోనే వాయిదా పడింది. పైలట్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టు మెట్లు ఎక్కితే, చివరికి రెండు విడతలుగా అమలు చేస్తామని డీజీసీఏ కోర్టుకు చెప్పింది. 22 అంశాల్లో 15 అంశాలు 2025 జులై 1 నుంచి, మిగతావి నవంబర్ 1 నుంచి. అంటే మొదటి ప్రకటనకూ చివరి గడువుకూ మధ్య దాదాపు రెండేళ్లు. ఈ రెండేళ్లలో కొత్త విమానాలు కొన్నారు, కొత్త ఊళ్లకు సర్వీసులు వేశారు, బ్యానర్లు కట్టారు. పైలట్లు ఎంతమంది కావాలో లెక్కేసుకోవడానికి మాత్రం టైమ్ సరిపోలేదు! అవే నిబంధనలు మిగతా సంస్థలకూ ఉన్నాయి. వాటి షెడ్యూళ్లు ఇంతలా కుప్పకూలలేదు.

నిబంధనల్లో ఏముందో మామూలు ప్రయాణికుడికి తెలియదు. ఎవరూ చెప్పలేదు కూడా. అందుకే డిసెంబర్‌లో చాలామంది "పైలట్లకు రెస్ట్ ఎక్కువైందట, అందుకే విమానాల్లేవట" అని మాట్లాడుకున్నారు. నాకు తెలిసినంతలో చెబుతాను.

వారానికి ఒకసారి ఇచ్చే విశ్రాంతి 36 గంటల నుంచి 48 గంటలకు పెరిగింది. మనకు శని, ఆదివారాలు ఉన్నట్టే అనుకోండి, అదీ ఏ వారం ఏ రోజుల్లో వస్తుందో తెలియకుండా. 'రాత్రి' అంటే అర్ధరాత్రి నుంచి ఐదు గంటల దాకా అని ఉండేది, దాన్ని ఆరు దాకా పొడిగించారు. రాత్రి డ్యూటీలో ఇదివరకు ఆరు ల్యాండింగుల దాకా చేయించవచ్చు, ఇప్పుడు రెండే. రాత్రి పూట ఎగిరే సమయం ఎనిమిది గంటలు, మొత్తం డ్యూటీ పది గంటలు మించకూడదు. వరసగా రెండు రాత్రులకు మించి వేయకూడదు.

ఐదును ఆరు చేయడంలో ఏముంది, గంటే కదా అనిపిస్తుంది. దేవనహళ్లి నుంచి పొద్దున్నే ఆరున్నరకు బయలుదేరే విమానం తీసుకోండి. పైలట్ సుమారు గంట ముందు, అంటే ఐదున్నరకు రిపోర్ట్ చేయాలి. ఇల్లు కోరమంగళలోనో మారతహళ్లిలోనో ఉంటే క్యాబ్ నాలుగుంబావుకే ఇంటి ముందుంటుంది. లేవడం మూడున్నరకు. పాత లెక్క ప్రకారం ఆ మనిషిది పగటి డ్యూటీ! రాత్రి పన్నెండుకు పడుకుని మూడున్నరకు లేచినా కాగితం మీద అతను రాత్రంతా హాయిగా నిద్రపోయినట్టే లెక్క. ఆరు చేయడం వల్ల మారింది ఇదే. ఇది పైలట్లకు ఇచ్చిన వరం కాదు, గడియారాన్ని నిజానికి కొంచెం దగ్గరగా జరపడం.

తెల్లవారుజాము ఏం చేస్తుందో నాకు కొంత తెలుసు. చాలా ఏళ్లు నైట్ షిఫ్ట్‌లో సర్వర్లు చూసే పని చేశాను. రాత్రి రెండింటి దాకా బాగానే ఉంటుంది. టీ, కబుర్లు, ఎవరో తెచ్చిన మిక్చర్ పొట్లం. మూడు దాటాక మనిషి మారిపోతాడు. స్క్రీన్ మీద ఎర్ర అక్షరాలు కనిపిస్తూనే ఉంటాయి, అవి ఏం చెబుతున్నాయో బుర్రకెక్కదు. చదివిన లైనే మళ్లీ చదువుతాం. పక్కవాడు ఏదో అడిగితే "ఆఁ" అంటాం, ఏమడిగాడో మర్నాడు గుర్తుండదు. విచిత్రం ఏమిటంటే, ఆ సమయంలో "నిద్రొస్తోందా" అని అడిగితే నిజాయితీగా "లేదు" అనే చెబుతాం. అలసిన బుర్రకు తాను అలసిందని తెలియదు. మా ఆఫీసులో ఆ వేళ ఎవరూ ఒంటరిగా పెద్ద మార్పులు చేయకూడదని గట్టి రూలుండేది. తప్పు జరిగితే పోయేదేమిటయ్యా అంటే, ఎక్కడో ఎవరి లావాదేవీనో గంట ఆలస్యం కావడం.

మరి పగలు పడుకోవచ్చు కదా అంటారు. పగటి నిద్ర పనికి చేటని మన పెద్దలు తిట్టేవారు. రాత్రి డ్యూటీ చేసేవాడికి ఆ పగటి నిద్రే దిక్కు. బెంగళూరులో పగలు పడుకోవడమంటే కుక్కర్ విజిళ్లు, పక్క సైట్‌లో బోర్‌వెల్ బండి, కొరియర్ కుర్రాడి బెల్లు, కర్టెన్ సందులోంచి ఎండ. అవన్నీ లేకపోయినా శరీరం ఒప్పుకోదు. వెలుగు ఉన్నప్పుడు మేలుకోమని, చీకటి పడితే పడుకోమని లోపల ఒక గడియారం ఉంటుంది. రోస్టర్, అంటే ఎవరికి ఎప్పుడు డ్యూటీయో రాసే పట్టిక, మారినంత తేలిగ్గా అది మారదు. తెల్లవారుజామున రెండు నుంచి ఆరు మధ్య అది మనిషిని అట్టడుగుకు లాగుతుందని ప్రపంచమంతా విమానయాన నిబంధనలు గుర్తించాయి. మనవీ గుర్తించాయి.

1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు డాసన్, రీడ్ ఒక ప్రయోగం చేశారు. కొందరిని మెలకువగా ఉంచి, వేరేరోజు వాళ్లకే మద్యం తాగించి, చేతి చురుకును పోల్చి చూశారు. 17 గంటలు వరసగా మెలకువగా ఉన్న మనిషి పనితనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషి పనితనంతో సమానంగా పడిపోయింది. మన మోటారు వాహనాల చట్టంలో డ్రైవర్‌కు పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములు, అంటే 0.03 శాతం. ఆ లెక్కన పొద్దున ఆరింటికి లేచి రాత్రి పదకొండు దాకా మేలుకున్న మనిషి హెబ్బాళ ఫ్లైఓవర్ కింద పోలీసులు పట్టుకునే స్థాయిని అప్పటికే దాటేసినట్టు. పైలట్ల విషయంలో మీ డీజీసీఏ మద్యం మీద ఎంత కఠినంగా ఉంటుందో తెలుసు. డ్యూటీకి ముందు గొట్టంలో ఊదాలి, సున్నా రావాలి. మొదటిసారి దొరికితే మూడు నెలలు లైసెన్స్ సస్పెన్షన్, రెండోసారి మూడేళ్లు, మూడోసారి రద్దు. చాలా బాగుంది. నిద్రలేమికి ఊదే గొట్టం ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. దానికున్న ఒకే ఒక్క గొట్టం రోస్టర్. దాన్నే మీరు సడలించారు.

మంగళూరు గురించి చెప్పకుండా ఈ ఉత్తరం ముగించలేను. 2010 మే 22. దుబాయ్ నుంచి మంగళూరు వస్తున్న ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ 812. రాత్రి అక్కడ బయలుదేరి పొద్దున ఆరు దాటాక ఇక్కడ దిగాలి, అంటే ప్రయాణంలో ఎక్కువ భాగం ఆ గడ్డు వేళలోనే. కాక్‌పిట్ రికార్డర్‌లో దర్యాప్తు బృందానికి వినిపించింది గురక. కెప్టెన్ గంటన్నరకు పైగా నిద్రపోయాడు. దిగే ముందు లేచాడు. గాఢనిద్ర నుంచి లేచిన మనిషికి కొంతసేపు మత్తు వదలదు, ఏది ముందో ఏది వెనకో తేలదు. మనకందరికీ అనుభవమే. విమానం ఉండాల్సిన ఎత్తు కంటే చాలా పైన ఉంది, వేగం ఎక్కువగా ఉంది. కో-పైలట్ మూడుసార్లు గో-అరౌండ్ చేద్దామన్నాడు, అంటే దిగకుండా మళ్లీ పైకి లేపుదామన్నాడు. విమానంలోని హెచ్చరిక యంత్రం అరుస్తూనే ఉంది. కెప్టెన్ దించాడు. కొండ మీద బల్లపరుపుగా చెక్కిన ఆ రన్‌వేలో సగానికి పైగా దాటిపోయాక చక్రాలు నేలను తాకాయి. చివరి నుంచి లోయలోకి జారింది. 158 మంది చనిపోయారు, ఎనిమిది మంది బతికారు.

విచారణ కోర్టు అసలు కారణంగా తేల్చింది కెప్టెన్ ఆ ల్యాండింగ్‌ను ఆపకపోవడాన్ని. దానికి దోహదం చేసిన కారణాల్లో సుదీర్ఘ నిద్రనూ, ఆ వేళనూ స్పష్టంగా రాసింది. ఆ రోజు దుబాయ్ నుంచి వస్తున్నవాళ్లలో ఎక్కువమంది కేరళ, కర్ణాటకల్లోని కష్టజీవులు. మన గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి గల్ఫ్ వెళ్లేవాళ్లూ ఇలాంటి రాత్రి విమానాల్లోనే వస్తుంటారు, ఎందుకంటే టికెట్ చవక. రాత్రి విమానాల్లో అలసిన పైలట్, వేళాపాళా ఎంచుకునే స్తోమత లేని ప్రయాణికుడు ఒకేచోట కలుస్తారు. మీరు రాత్రి నిబంధన సడలించినప్పుడు దాని బరువు ముందుగా పడేది వాళ్ల మీద.

అది పాత కథ, ఇప్పుడు పరిస్థితి మెరుగైంది అనేవాళ్లు ఉంటారు. 2024 జనవరి 25న ఇండోనేషియాలో బాటిక్ ఎయిర్ విమానం కెండారి నుంచి జకార్తా వెళ్తోంది, 153 మంది ప్రయాణికులతో. కెప్టెన్ చెప్పి మరీ కాసేపు కునుకు తీశాడు. అది తప్పేమీ కాదు, రెండోవాడు మేలుకుని ఉంటే. ఆ రెండోవాడి ఇంట్లో నెలరోజుల కవల పిల్లలు. భార్యకు సాయంగా రాత్రులు మేలుకుంటున్నాడు. ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు అన్నట్టు, సీట్లో కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రలోకి జారాడు. ఇద్దరూ నిద్రలో ఉన్నది 28 నిమిషాలు. విమానం దారి తప్పింది. కెప్టెన్‌కు మెలకువ వచ్చింది కాబట్టి అందరూ క్షేమంగా దిగారు. ఆ కో-పైలట్‌ను దుర్మార్గుడనగలమా? పసిపిల్లల తండ్రి ఎవరైనా అలాగే ఉంటాడు. అతన్ని ఆ రోజు ఆ సీట్లో కూర్చోబెట్టిన రోస్టర్ గురించి, "నాకు నిద్ర చాల్లేదు" అని చెబితే ఏమవుతుందోనన్న అతని భయం గురించి అడగాలి.

మన దగ్గర కూడా ఆ భయం ఉంది. 2022లో సేఫ్టీ మ్యాటర్స్ ఫౌండేషన్ 542 మంది భారతీయ పైలట్లను అడిగితే, తోటి పైలట్‌కు చెప్పకుండానే కాక్‌పిట్‌లో కునుకు తీసిన సందర్భాలున్నాయని 66 శాతం మంది చెప్పారు. సర్వే కాబట్టి అటూఇటూ ఉండొచ్చు, సగం తగ్గించి చూసుకోండి. అయినా నాకు ఆ అంకె చదివాక పొద్దున్నే ఐదింటి విమానం బుక్ చేయాలంటే వేలు ఆగుతుంది.

మా బెంగళూరు సంగతే తీసుకోండి. 2025 మేలో 16, 17 తేదీల్లో బెంగళూరు నుంచి లండన్ వెళ్లిన ఎయిర్ ఇండియా విమానాలు పది గంటల పరిమితి దాటి ఎగిరాయని డీజీసీఏయే నోటీసు ఇచ్చింది. సిబ్బంది రోస్టర్ల పనిలో లోపాలున్నాయని ఎయిర్ ఇండియాలో ముగ్గురు అధికారులను ఆ బాధ్యతల నుంచి తప్పించమంది. అంతకుముందు 2024 మార్చిలో, అప్పటి డ్యూటీ నిబంధనల ఉల్లంఘనకు ఆ సంస్థకే రూ.80 లక్షల జరిమానా వేసింది. అంటే పట్టుకోగలిగినప్పుడు డీజీసీఏ పట్టుకుంటోంది. కాదనను. కానీ పట్టుకునేవాళ్లు ఎంతమంది ఉన్నారు? డీజీసీఏలో మంజూరైన పోస్టుల్లో సగానికి దగ్గరగా ఖాళీగా ఉన్నాయని 2025లో పార్లమెంటు స్థాయీ సంఘమే చెప్పింది. చూసేవాళ్లు తక్కువైతే వాళ్లకూ నిద్ర చాలదేమో.

ఇక ప్రయాణికుల భయం గురించి. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో జరిగినదాన్ని నేను పైలట్ల అలసటకు ముడిపెట్టను. విమానంలో 241 మంది, నేల మీద మరికొందరు, మొత్తం 260 మంది పోయిన ప్రమాదం మీద దర్యాప్తు చేసేవాళ్లు చెప్పాలి, నాలాంటివాడు ఊహించకూడదు. కానీ ఆ తర్వాత మా ఇళ్లల్లో ఏం మారిందో చెప్పగలను. మా అమ్మ ఫోన్‌లో ముందు "టిఫిన్ చేశావా" అని అడిగేది, ఇప్పుడు "ఏ విమానం రా" అని అడుగుతోంది. పక్క ఫ్లాట్ అమ్మాయి 11ఏ సీటు దొరకలేదని టికెట్ మార్చుకుంది, ఆ ఒక్క సీటాయనే బతికాడు కాబట్టి. నవ్వు రావచ్చు. కానీ ఏ సమాచారమూ అందని మనిషి సీటు నంబరునే పట్టుకుంటాడు. ఈ భయాన్ని మీరు "విమానం రోడ్డు కంటే సురక్షితం" అన్న మాటతో తీసేయలేరు. ఆ మాట నిజమే. ఆ నిజం దానంతటదే రాలేదు కదా, ఇలాంటి కఠిన నిబంధనల మీద కట్టుకుంటూ వచ్చారు.

తోటి ప్రయాణికులకు కూడా ఇక్కడే ఒక మాట. ఒకసారి వైజాగ్ నుంచి బెంగళూరు రావాల్సిన విమానం వర్షాల వల్ల బాగా ఆలస్యమైంది. ఏ కంపెనీ అన్నది అనవసరం. చివరికి ఎక్కబోయే ముందు, కెప్టెన్ డ్యూటీ సమయం అయిపోయింది, వేరే సిబ్బంది వచ్చేదాకా ఆగాలి అన్నారు. గేటు దగ్గర రభస. "మా టైమ్‌కు విలువ లేదా", "కంపెనీ డ్రామాలు" అని కేకలు. చంకలో పాపను వేసుకుని నిలబడ్డ ఒకావిడ అందరికంటే గట్టిగా అరుస్తున్న పెద్దమనిషిని "నిద్రపోతూ నడుపుతానంటే ఎక్కుతారా అండీ మీరు?" అని అడిగింది. ఆయన జవాబు చెప్పలేదు. రెండు నిమిషాలాగి భోజనం కూపన్ల మీద గొడవ మొదలైంది. ఆ గొడవ న్యాయమైనదే, నేనూ అందులో గొంతు కలిపాను. కూపన్లు అడగండి, హోటల్ గది అడగండి, డబ్బు వెనక్కి అడగండి. డ్యూటీ టైమ్ అయిపోయిందన్న పైలట్‌ను మాత్రం తిట్టకండి.

కంపెనీల వైపు న్యాయం అసలే లేదనను. పైలట్ అంగట్లో దొరికే సరుకు కాదు. 200 గంటలు ఎగిరితే కమర్షియల్ లైసెన్స్ వస్తుంది, ఆ తర్వాత ఆ రకం విమానానికి వేరే శిక్షణ, కెప్టెన్ కావాలంటే 1,500 గంటల అనుభవంతో వచ్చే పై లైసెన్సు. ఏళ్లు పడుతుంది. పైలట్లు చాలకపోతే కంపెనీ ముందు కత్తిరించేది లాభం లేని చిన్న ఊళ్ల సర్వీసులనే. కడపో, ఓర్వకల్లో, రాజమండ్రో. రాత్రి విమానాలు తగ్గితే పగటి టికెట్ ధర పెరుగుతుంది. ఇవన్నీ మాకు తగిలే దెబ్బలే. పిల్లల చదువులకు, ఆసుపత్రి పనులకు వారానికి రెండుసార్లు తిరిగేవాళ్లకు ఇంకా గట్టిగా తగులుతాయి. అయినా ఆ బేరంలో నేను ఎటువైపో తేల్చుకున్నాను. మా ఊరికి రోజుకు మూడు విమానాల బదులు రెండే ఉన్నా ఫర్వాలేదు, ఆ రెండిట్లో ముందు కూర్చునేవాళ్లు నిద్రపోయి వచ్చినవాళ్లై ఉండాలి. నాలాంటివాళ్లు ఎంతమందో మీరు ఎప్పుడైనా అడిగి చూశారా?

అమెరికాలో ఒక సంగతి జరిగింది. 2009 ఫిబ్రవరి 12న బఫెలో దగ్గర కోల్గన్ ఎయిర్ విమానం ఒక ఇంటి మీద కూలి 50 మంది చనిపోయారు. కో-పైలట్ ఉండేది దేశానికి ఆ చివర సియాటిల్‌లో. రాత్రంతా వేరే విమానాల్లో ప్రయాణం చేసి డ్యూటీకి వచ్చింది. ఇద్దరు పైలట్లూ అలసి ఉన్నారని, అయితే ఆ అలసట ప్రమాదానికి ఎంతవరకు కారణమో తేల్చలేమని దర్యాప్తు సంస్థ చెప్పింది. చనిపోయినవాళ్ల కుటుంబాలు ఊరుకోలేదు. ఫొటోలు పట్టుకుని వాషింగ్టన్ చుట్టూ తిరిగాయి. 2010లో చట్టం వచ్చింది, 2014 జనవరి నుంచి పైలట్ల విశ్రాంతి నిబంధనలు మారాయి. డ్యూటీకి ముందు పది గంటల విశ్రాంతి, అందులో ఎనిమిది గంటలు నిద్రపోయే వీలుండాలి. అక్కడ ప్రయాణికుల పేరు చెప్పి నిబంధనలు బిగించారు. ఇక్కడ ప్రయాణికుల పేరు చెప్పే వదులు చేశారు.

డిసెంబర్‌లో ఆ రద్దుల తర్వాత మీరు ఇండిగో షెడ్యూల్‌కు పది శాతం కోత పెట్టారు, 2026 జనవరిలో డీజీసీఏ రూ.22.20 కోట్ల జరిమానా వేసింది. జరిమానా కంపెనీ కడుతుంది, మళ్లీ టికెట్‌లో కలిపి మా దగ్గరే వసూలు చేసుకుంటుంది. నాకు కావాల్సింది జరిమానా కాదు, సమాచారం.

కొత్త నిబంధనల ప్రకారం ప్రతి సంస్థా మూడు నెలలకోసారి పైలట్ల అలసట నివేదికలను డీజీసీఏకు ఇవ్వాలి. ఎంతమంది పైలట్లు "అలసిపోయాను, ఎగరలేను" అని చెప్పారు, వాటిలో కంపెనీ ఎన్ని ఒప్పుకుంది, ఒప్పుకోనివాటికి ఏ కారణం చెప్పింది. ఇవన్నీ అందులో ఉండాలి. పైలట్ల పేర్లు తీసేసి ఆ లెక్కలు జనం ముందు పెట్టండి. ఏ సంస్థ విమానాలు ఎంత శాతం టైముకు నడిచాయో నెలనెలా ప్రకటిస్తున్నారు కదా, అదే కాగితంలో ఇంకో రెండు గడులు. టైముకు చేర్చే కంపెనీని ఎంచుకునే అవకాశం ఇచ్చారు. పైలట్‌ను పడుకోనిచ్చే కంపెనీని ఎంచుకునే అవకాశం కూడా ఇవ్వండి. అంతకంటే గట్టిగా పనిచేసే జరిమానా ఉండదు.

అలసిపోయానని చెప్పిన పైలట్ మీద కంపెనీ కన్నెర్ర చేయకుండా చూసే ఏర్పాటు కూడా కావాలి. ఇప్పుడు అలసటను అంచనా వేసేది ఆ పైలట్‌కు జీతమిచ్చే సంస్థే. అందుకే చాలామంది "ఒంట్లో బాగోలేదు" అని సిక్ లీవ్ పెట్టి బయటపడుతుంటారు. దాంతో అలసట లెక్కల్లోకే రాదు. కంపెనీతో సంబంధం లేని వైద్యులు, నిపుణులు ఆ నివేదికలు చూడాలి. రాత్రంతా రాడార్ ముందు కూర్చునే కంట్రోలర్లకూ, కేబిన్ సిబ్బందికీ ఇదే వర్తించాలి. చలికాలం దేవనహళ్లిలో తెల్లవారుజామున పొగమంచు దిగినప్పుడు పైన తిరిగే పైలట్, కింద చూసే కంట్రోలర్ ఇద్దరూ ఒకే వేళలో మెలకువ కోసం పెనుగులాడుతుంటారు.

ఇంకొకటి. 2025 శీతాకాలం షెడ్యూల్‌కు ఆమోదముద్ర వేసింది డీజీసీఏయే. నవంబర్ 1 నుంచి కొత్త నిబంధనలు వస్తున్నాయని తెలిసీ, ఇన్ని విమానాలు నడపడానికి నీ దగ్గర ఎంతమంది పైలట్లున్నారని ఇండిగోను ఎవరైనా అడిగారా? అడిగితే వాళ్లేం చెప్పారు? ఆ కాగితం బయటపెట్టండి. ఇకమీదట ప్రతి సీజన్ షెడ్యూల్‌కూ పైలట్ల లెక్క జతచేయందే ఆమోదం ఇవ్వకండి. మినహాయింపు ఇవ్వక తప్పని రోజు ఎప్పుడైనా వస్తే, ఎందుకు ఇస్తున్నారో, ఎన్నాళ్లకో, దానివల్ల ఎన్ని రాత్రి ల్యాండింగులు పెరుగుతాయో, భద్రత మీద ఎవరు ఏ అంచనా వేశారో అదే రోజు ప్రకటించండి. ఆ ప్రకటనలో కారణం దగ్గర కంపెనీ పేరు రాయండి, మా పేరు రాయకండి.

వచ్చే శీతాకాలం షెడ్యూల్ అక్టోబర్ చివర్లో మొదలవుతుంది. ఆమోదించడానికి ముందే ఈ అలసట నివేదికల మొదటి విడత బయటపెడతారా లేదా, పెడితే ఏ తేదీన, అన్నది పార్లమెంటులోనో ప్రెస్‌మీట్‌లోనో చెప్పాలని కోరుతున్నాను.

ఇట్లు,
బెంగళూరు నుంచి తరచూ గన్నవరం వెళ్లే ఒక ప్రయాణికుడు,
వైట్‌ఫీల్డ్